రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?

విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా దాదాపు పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలే. పిల్లలు అంటే వాళ్ళకి నచ్చదు కానీ నాకు మరో మాట రాదు. తలనొప్పి, కడుపులో మంట, ఒళ్ళంతా నీరసం, నెలసరి తప్పడం, పాఠం ఎంత విన్నా బుర్రకెక్కకపోవడం... ఇవే వాళ్ళు చెప్పే బాధలు. రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఎలా ఉందో చూస్తాను. చాలాసార్లు రిపోర్టుల్లో ఏమీ ఉండదు. అప్పుడు అడుగుతాను: రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?

వెంటనే జవాబు రాదు. తోడు వచ్చిన స్నేహితురాలి వైపు ఒక చూపు చూస్తారు. "అదీ... ఫిక్స్‌డ్‌గా ఏమీ ఉండదు మేడమ్" అంటారు.

ఆరోగ్యం గురించి తెలియక ఇలా చేస్తున్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని వాళ్ళకి తెలుసు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడమో, అలాంటి శ్రమ ఇంకేదైనా చెయ్యడమో అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సంగతీ తెలుసు. కొందరైతే ఒంట్లో ఏ విటమిన్ ఏం చేస్తుందో నాకే అప్పజెప్తారు. అయినా మన దగ్గర ఆరోగ్య అవగాహన అంటే ఇంకో పోస్టరు, ఇంకో ఉపన్యాసం. తెలిసిన సంగతినే మళ్ళీ చెప్పడం వల్ల ఆ పిల్లల రాత్రి ఏమీ మారదు.

1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెంథాల్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. ఆఖరి సంవత్సరం విద్యార్థులకి ధనుర్వాతం గురించి కరపత్రాలు ఇచ్చారు. కొన్నింట్లో విషయం మామూలుగా ఉంది, కొన్నింట్లో గుండె దడదడలాడేలా ఉంది. బాగా భయపడినవాళ్ళు టీకా వేయించుకోవాలని గట్టిగానే అనుకున్నారు. కానీ భయం మోతాదు పెరిగినంత మాత్రాన టీకాకి వెళ్ళినవాళ్ళ సంఖ్య పెరగలేదు. కొందరికి మాత్రం కరపత్రంతో పాటు క్యాంపస్ పటం ఇచ్చారు. అందులో ఆరోగ్య కేంద్రం చుట్టూ గీత గీసి ఉంది. నీ వారం టైమ్‌టేబుల్ చూసుకుని ఏ రోజు, ఏ దారిన వెళ్ళగలవో అనుకో అని అడిగారు. కరపత్రం ఒక్కటే చదివినవాళ్ళలో వెళ్ళినవాళ్ళు 3 శాతం. పటం చూసి, వెళ్ళే సమయం కూడా ముందే అనుకున్నవాళ్ళలో సుమారు 28 శాతం. ఆఖరి సంవత్సరం పిల్లలు కదా, ఆ భవనం ఎక్కడుందో అందరికీ తెలిసే ఉంటుంది. కొత్తగా వచ్చిన సమాచారం అంటూ ఏమీ లేదు. తేడా అంతా ఆ రెండు నిమిషాల ఆలోచనలోనే ఉంది.

అందుకే నేను "రోజూ వ్యాయామం చెయ్యి" అని మందుల చీటీ మీద రాయడం మానేశాను. దానికి బదులు చీటీ వెనక ఖాళీ వైపు తిప్పి, పెన్ను వాళ్ళ చేతికే ఇస్తాను. మొన్నామధ్య మూడో సంవత్సరం కుర్రాడొకడు నడుం నొప్పితో వచ్చాడు. మా మాటలు ఇలా సాగాయి.

"వాకింగ్ మొదలుపెడతాను మేడమ్."

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచే."

"రేపు ఎన్నింటికి?"

"పొద్దున్నే."

"క్లాసు ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"లేచేదెప్పుడు?"

"ఏడూ నలభైకి."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్లో టైమ్‌టేబుల్ తియ్యమన్నాను. మంగళ, గురువారాల్లో ల్యాబ్ నాలుగింటికి అయిపోతుంది. ల్యాబ్‌లోకి చెప్పులతో రానివ్వరు కాబట్టి ఆ రెండు రోజులూ బూట్లు వేసుకునే ఉంటాడు. ల్యాబ్‌కీ హాస్టల్‌కీ మధ్యలోనే గ్రౌండు. గదికి వెళ్ళి మంచం మీద వాలాడంటే ఇక లేవడని వాడే చెప్పాడు. "అయితే గదికి వెళ్ళకముందే కానివ్వు" అన్నాను. చీటీ మీద వాడే రాసుకున్నాడు: "మంగళ, గురు, ల్యాబ్ అవ్వగానే, బ్యాగు గ్యాలరీ మెట్ల మీద పెట్టి, గ్రౌండు చుట్టూ అరగంట. తర్వాతే రూమ్." వారంలో రెండు రోజులంటే చాలా తక్కువ, నాకూ తెలుసు. కానీ అది జరిగే పని. రోజూ పొద్దున ఐదింటికి లేచి పరుగెత్తడం అనేది జరగని పని.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. 2002లో మిల్న్, ఓర్బెల్, షీరన్ అనే ముగ్గురు పరిశోధకులు 248 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఒక గుంపుకి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. రెండో గుంపుకి వ్యాయామం చెయ్యకపోతే గుండెకి ఏమవుతుందో వివరించారు. మూడో గుంపుకి అదంతా వివరించి, వచ్చే వారంలో ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో రాయమన్నారు. ఆ వారంలో ఒక్కసారైనా చెమట పట్టేలా 20 నిమిషాలు వ్యాయామం చేసినవాళ్ళు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం, మూడో గుంపులో 91 శాతం. మధ్యలో ఉన్న ఆ 35 దగ్గర కాసేపు ఆగండి. మనం పెట్టే సదస్సులన్నీ ఆ రెండో గుంపుకి చెప్పినలాంటివే.

ఇక నిద్ర. నన్నడిగితే విద్యార్థి ఆరోగ్యంలో మొదట పట్టుకోవలసింది ఇదే. తిండి, వ్యాయామం, చదువు, మనసు అన్నీ దీని వెంటే వస్తాయి. నిద్ర చాలని రోజు ఆకలి ఎక్కువవుతుంది, ఓపిక తగ్గుతుంది, గ్రౌండుకి వెళ్ళాలన్న కోరికే పుట్టదు.

ముందుగా తల్లిదండ్రులకి ఒక మాట. ఈ వయసులో రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. మన ఒంట్లోని గడియారం కౌమారం మొదలైనప్పటి నుంచి వెనక్కి జరుగుతూ వస్తుంది. సుమారు ఇరవై ఏళ్ళ వయసులో అది బాగా ఆలస్యంగా నడుస్తుంది. ఆ తర్వాత మెల్లగా ముందుకి తిరుగుతుంది. అంటే సరిగ్గా డిగ్రీ చదివే రోజుల్లోనే శరీరం "ఇంకా రాత్రి కాలేదు" అంటుంది. ఎనిమిది గంటల క్లాసు మాత్రం ఎనిమిదికే మొదలవుతుంది. వారమంతా కోత పడిన నిద్రని సెలవు రోజు మధ్యాహ్నం దాకా పడుకుని తీర్చుకుంటారు. దాంతో ఆ రాత్రి మళ్ళీ రెండైనా కన్ను మూతపడదు. జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ బృందం దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. విమానం ఎక్కకుండానే ప్రతి వారం వేరే దేశానికి పోయి వచ్చినట్టు ఉంటుంది ఒంటికి.

"నాకు ఆరు గంటలు సరిపోతుంది మేడమ్, అలవాటైపోయింది" అనేవాళ్ళు చాలామంది. వాళ్ళకి నేను 2003లో వాన్ డాంగెన్, డింగెస్ తదితరులు ప్రచురించిన ప్రయోగం గురించి చెప్తాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో కొందరికి 14 రోజుల పాటు రాత్రికి ఆరు గంటలే, కొందరికి అంతకంటే తక్కువే పడుకునే వీలిచ్చి, రోజూ ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. రోజురోజుకీ ఫలితం దిగజారుతూ వచ్చింది. చివరికి వచ్చేసరికి నిద్రే లేకుండా గడిపినవాళ్ళ స్థాయికి చేరింది. ఆరు గంటలో అంతకంటే తక్కువో పడుకున్నవాళ్ళలో ఆ లోటు రెండు రాత్రుల జాగారం దాకా వెళ్ళింది. మరీ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నిద్రమత్తు ఎంత ఉందని అడిగితే మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్ళకి పెద్దగా పెరిగినట్టు అనిపించలేదు. పనితనం పడిపోతూనే ఉంది, ఆ సంగతి తెలియడం మాత్రం ఆగిపోయింది. "అలవాటైపోయింది" అంటున్నప్పుడు అలవాటైంది ఆ మత్తే.

పరీక్ష ముందు రాత్రి ఒక్కటీ బాగా పడుకుంటే చాలదా అని అడుగుతారు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం క్లాసు విద్యార్థుల చేతికి నిద్రని కొలిచే బ్యాండ్లు పెట్టి ఒక సెమిస్టర్ అంతా చూశారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. పరీక్ష ముందు రాత్రి నిద్రకీ మార్కులకీ సంబంధం కనిపించలేదు. ఆ పాఠాలు నేర్చుకున్న వారాల్లో ఎంతసేపు, ఎంత క్రమంగా పడుకున్నారన్నదానికే మార్కులతో సంబంధం కనిపించింది. నిద్ర వల్లే మార్కులు వచ్చాయని ఇలాంటి పరిశీలన నిరూపించదు. కానీ "నైటవుట్ కొట్టేసి పరీక్ష తర్వాత పడుకుంటాం" అనేవాళ్ళకి ఇది చాలా పెద్ద సమాధానం.

మరి ఏం చెయ్యాలి? పడుకునే వేళ మీద యుద్ధం చెయ్యొద్దని చెప్తాను. పన్నెండింటికి పడుకోవాలని ఒట్టు పెట్టుకుని చీకట్లో పైకప్పు చూస్తూ ఉంటే నిద్ర రాదు, బెంగే వస్తుంది. లేచే వేళని పట్టుకోండి. క్లాసున్న రోజుకీ సెలవు రోజుకీ మధ్య గంట కంటే ఎక్కువ తేడా రానివ్వకండి. లేవగానే కాసేపు బయట వెలుతురులో నిలబడండి. పొద్దుటి వెలుతురే ఒంట్లోని గడియారాన్ని ముందుకి జరుపుతుంది. కాఫీ విషయం కూడా చూసుకోవాలి. కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకునే వేళకి ఆరు గంటల ముందు తీసుకున్న పెద్ద మోతాదు కూడా నిద్రలో గంటకు పైగా కోసేస్తుందని 2013లో క్రిస్టఫర్ డ్రేక్ బృందం చూపించింది. మధ్యాహ్నం కునుకు తియ్యొచ్చు, ఇరవై నిమిషాలు చాలు. సాయంత్రం ఆరింటికి మాత్రం వద్దు.

ఫోన్ గురించి నేను ఉపన్యాసం ఇవ్వను. ఒక అమ్మాయి చేసింది చెప్తాను. ఆమె మంచం తల దగ్గరే ప్లగ్ ఉంది. ఛార్జింగ్ పెట్టి, పడుకుని, చూస్తూ చూస్తూ రెండు దాటించేది. "కంట్రోల్ లేదు మేడమ్" అని తనను తాను తిట్టుకుంటూ వచ్చింది. నేను గది బొమ్మ గియ్యమన్నాను. మంచం, బల్ల, తలుపు, ప్లగ్గులు అన్నీ గీసింది. తలుపు పక్కన ఇస్త్రీపెట్టెకి వాడే ప్లగ్ ఒకటుంది. ఛార్జర్ అక్కడికి మారింది. తీగ పొట్టిది కాబట్టి ఫోన్ చూడాలంటే తలుపు దగ్గర నిలబడి చూడాలి. "అలారం ఎలా మరి?" అంది. మామూలు అలారం గడియారం కొనుక్కుంది. వారం తర్వాత వచ్చి చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "చూడాలని అనిపిస్తూనే ఉంది మేడమ్, కానీ లేవబుద్ధి కావట్లేదు." ఆమె మనోబలం ఏమీ పెరగలేదు. పెరగనవసరం కూడా లేదు. మంచానికీ ఫోన్‌కీ మధ్య నాలుగడుగుల దూరం పెరిగింది, అంతే.

ఇలా చెప్తే "21 రోజులు చేస్తే అలవాటైపోతుందట కదా" అంటారు. ఆ లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి పుట్టింది. ముఖం మారిన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. అందులోని "కనీసం" ఎక్కడో జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులైతే, కొందరికి లెక్కప్రకారం 254 దాకా వెళ్ళింది. అందరినీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే సంఖ్య 66. ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు ఏర్పడటానికి పెద్ద నష్టం జరగలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది వదిలేసేది సరిగ్గా అక్కడే. ఒక గురువారం వాన పడింది, వెళ్ళలేదు, ఇక పోయింది అనుకుంటారు. పోలేదు నాన్నా, మంగళవారం మళ్ళీ వస్తుంది.

కాలం కూడా కలిసి రావాలి. కొత్త సెమిస్టర్, కొత్త వారం, పుట్టినరోజు తర్వాతి రోజు... ఇలాంటప్పుడు విద్యార్థులు జిమ్‌కి ఎక్కువగా వెళ్తారని 2014లో డై, మిల్క్‌మన్, రీస్ చూపించారు. పాత అలవాట్లు పాత చోటుని పట్టుకుని ఉంటాయి కాబట్టి, హాస్టల్ మారిన మొదటి వారాలు బంగారం లాంటివి. గది సామాను సర్దేటప్పుడే ఛార్జర్ ఎక్కడ, బూట్లు ఎక్కడ, నీళ్ళ సీసా ఎక్కడ అని తేల్చుకోండి. ఇదే సూత్రం ఎదురు తిరిగేది సెలవుల్లో. ఇంటికి వెళ్ళి వచ్చేసరికి సాధించింది చెదిరిపోతుంది. అందుకే తిరిగొచ్చిన వారంలో చీటీ కొత్తగా రాయిస్తాను. పాతది సరిపోదు, టైమ్‌టేబుల్ మారి ఉంటుంది.

తిండి గురించి తక్కువే చెప్తాను. మొదటి సంవత్సరంలో అందరూ దాదాపు ఏడు కిలోలు పెరిగిపోతారని ఒక ప్రచారం ఉంది. చాలా అధ్యయనాలని కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో సగటు పెరుగుదల ఒకటిన్నర కిలోల లోపే. ఆ ప్రచారానికి భయపడి రాత్రి భోజనం మానేసే అమ్మాయిల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పూట మానకండి. పొద్దున ఏదో ఒకటి తినండి, పళ్ళెంలో కూరగాయలు ఎక్కువ వేసుకోండి, తియ్యటి కూల్‌డ్రింకులు తగ్గించండి. చాలామందికి ఇంతకు మించి అక్కర్లేదు.

పక్కవాళ్ళ సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలి. తోటివాళ్ళు ఎంత తాగుతారనే విషయంలో విద్యార్థులు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని 1986లోనే పెర్కిన్స్, బెర్కోవిట్జ్ చూపించారు. నిద్ర విషయంలోనూ నేను అదే చూస్తున్నాను. నైటవుట్ చేసినవాడు పొద్దున్నే గ్రూపులో పెడతాడు. పదకొండున్నరకి పడుకున్నవాడు ఎవరికీ చెప్పడు. దాంతో హాస్టల్ మొత్తం మేలుకునే ఉందని అందరూ అనుకుంటారు. ఒకే గదిలో ముగ్గురూ మిగతా ఇద్దరి కోసం లైటు ఆర్పకుండా కూర్చున్న సంగతి ఒకసారి నా ముందే బయటపడింది. ముగ్గురికీ నిద్ర వస్తోంది, ఎవరూ ముందు అనలేదు. మాట్లాడుకున్నాక పన్నెండింటికి పెద్ద లైటు ఆర్పేసి, చదువుకోవాలనుకున్నవాళ్ళు బల్ల దీపం పెట్టుకోవాలని అనుకున్నారు.

అయితే భారమంతా పిల్లల మీద వేస్తే అన్యాయం. రాత్రి 11:59కి అసైన్‌మెంట్ గడువు పెట్టి, పొద్దున ఎనిమిదికి క్లాసు పెట్టి, మధ్యలో "బాగా నిద్రపోండి" అని పోస్టరు అంటించడం ఏం పద్ధతి? ఆ 11:59ని ఎవరూ ఆలోచించి పెట్టరు. సాఫ్ట్‌వేర్‌లో అలా ఉంటుంది, అలాగే వదిలేస్తారు. సాయంత్రం ఐదు అని మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఒక విభాగం అధ్యాపకులు నా మాట విని మార్చారు. మిగతావాళ్ళని అడుగుతూనే ఉన్నాను, అడుగుతూనే ఉంటాను. 2015లో కెనడాలో రూపుదిద్దుకున్న ఒకనాగన్ ప్రకటన విశ్వవిద్యాలయాలకి చెప్పింది ఇదే: ఆరోగ్యం అంటే క్లినిక్కు చూసుకునే పని ఒక్కటే కాదు, క్యాంపస్ పాలనలో, చదువులో, రోజువారీ పనుల్లో కలిసిపోవాలి. గ్రౌండు లైట్లు రాత్రి తొమ్మిది దాకా వెలగడం, అమ్మాయిలు భయం లేకుండా అక్కడ నడవగలగడం కూడా ఆరోగ్య కార్యక్రమమే.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. అలవాట్లతో సరిపోని సందర్భాలు ఉంటాయి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులు కూడా రుచించకపోవడం, ఆకలీ నిద్రా తారుమారు కావడం, బతకడం దండగ అనిపించడం కనిపిస్తే చీటీలూ ఛార్జర్లూ పక్కన పెట్టండి. అది జబ్బు, దానికి చికిత్స ఉంది. చనిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే అసలు ఆలస్యం చెయ్యకండి, ఆ క్షణమే ఎవరినైనా పిలవండి, ఒంటరిగా వదలకండి. మిగతా సందర్భాల్లో కూడా మీ గదిలోని స్నేహితుడికి "ఒకసారి డాక్టరుకి చూపించుకోరా" అని చెప్పి ఊరుకోకండి. రేపు మధ్యాహ్నం క్లాసు అవ్వగానే మెట్ల దగ్గర కలుద్దాం, నేనూ వస్తాను అనండి. ఇద్దరూ కలిసే రండి. బయట కుర్చీలు రెండు ఎప్పుడూ వేసే ఉంటాయి, తోడు వచ్చినవాళ్ళు లోపలికి కూడా రావచ్చు.